ఇంగ్లిష్ క్రైమ్ నవలల్లో 'ఎ కపుల్ ఆఫ్' అంటే రెండేనా, రెండో మూడోనా?

రాత్రిచదువరి

క్రైమ్ నవలలు బాగా చదివేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. 'ఎ కపుల్ ఆఫ్' అని కనబడగానే మీరు రెండు అనే లెక్క వేసుకుంటారా, లేక ఏవో కొన్ని అనుకుని ముందుకెళ్లిపోతారా?

ఈ మధ్య పూర్తిచేసిన ఒక నవలలో (పేరు చెప్పడం లేదు, చదవనివాళ్లకి గుట్టు తెలిసిపోతుంది) కథంతా టైం మీదే నడుస్తుంది. శవం బయటపడేది రాత్రి పదకొండింటికి. హత్య ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్య జరిగిందని డాక్టర్ చెబుతాడు. శవం దొరకడానికి 'ఎ కపుల్ ఆఫ్ అవర్స్' ముందే నేను ఇంట్లోంచి వెళ్లిపోయానని అక్కడ పార్టీకొచ్చిన ఒక సాక్షి అంటాడు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో కాగితం మీద రాసుకుంటూ చదవడం నాకు అలవాటు. రెండు గంటలు అనుకుంటే తొమ్మిది, అంటే హత్య జరిగేటప్పుడు ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మూడు అనుకుంటే ఎనిమిది, ఇక అతనికి హత్యతో సంబంధమే లేదు. సగం పుస్తకం దాకా నా అనుమానమంతా అతని మీదే. తీరా చివర్లో అతను వెళ్లింది ఎనిమిదింటికని ఒక్క వాక్యంలో, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు చెప్పి వదిలేశాడు రచయిత.

ఇది పాఠకుణ్ణి మోసం చెయ్యడం కిందకి వస్తుందా, లేక ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు నిజంగానే మూడు గంటల్ని కూడా అలా అంటారా? అదే పుస్తకంలో వ్యాన్‌లోంచి 'ఎ కపుల్ ఆఫ్ మెన్' దిగారని ఒకచోట ఉంది, అక్కడ మాత్రం ఇద్దరే.

ఇంకో చిన్న ప్రశ్న. కొన్ని పుస్తకాల్లో మధ్యలో 'ఆఫ్' లేకుండా 'ఎ కపుల్ అవర్స్' అని ఉంటుంది. అది అచ్చుతప్పా?

ప్రూఫుచూసేవాణ్ణి

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, అది సులువు. అచ్చుతప్పు కాదండీ, అమెరికన్ వాడుక. మాట్లాడేటప్పుడు వాళ్లు 'ఆఫ్' ఎగరగొట్టేస్తారు, ముఖ్యంగా గంటలు, రోజులు, వారాలు లాంటి కాలం లెక్కల దగ్గర. అమెరికన్ పత్రికలవాళ్లు పాటించే ఏపీ స్టైల్‌బుక్ 'ఆఫ్' ఉండి తీరాలంటుంది. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు మాత్రం దాన్ని తప్పుగా లెక్కకట్టదు, మరీ లాంఛనంగా రాయని చోట మామూలేనంటుంది. నవలల్లో సంభాషణలు మనుషులు మాట్లాడినట్టే ఉండాలి కాబట్టి ఎడిటర్లు దాని జోలికి వెళ్లరు. నేనైతే కథకుడి వాక్యంలో కనిపిస్తే ఒకసారి ఆగి చూస్తాను. 'నేను' అంటూ ఉత్తమ పురుషలో చెప్పే కథ అయితే కథకుడు కూడా ఒక పాత్రే, వదిలేస్తాను. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో జరిగే నవలలో ఒక ప్రభువుగారి నోట 'ఎ కపుల్ డేస్' అని వస్తే మాత్రం పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది. ఆ కాలం, ఆ ఊరు అక్కడే చెడిపోతాయి.

ఒక మినహాయింపు ఉంది. 'ఎ కపుల్ మోర్' అన్నప్పుడు బ్రిటిష్ వాళ్లు కూడా 'ఆఫ్' పెట్టరు. అక్కడ అది అందరికీ సరైనదే.

ఇక మొదటి ప్రశ్న. ఈ మాట లాటిన్ 'కోపులా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, అసలు అర్థం బంధం, ముడి. రెండింటిని కలిపి కట్టడం. వేటకుక్కల లెక్కలో ఆ పాత అర్థం ఇప్పటికీ అలాగే ఉంది. నక్కల వేట మందలో కుక్కల్ని ఒక్కొక్కటిగా కాకుండా కపుల్స్‌గానే లెక్కపెడతారు, కుక్కల సంఖ్య బేసి అయితే పదిహేనున్నర కపుల్ అంటారు, అంటే ముప్పై ఒకటి. పాత ఇంగ్లండ్ పల్లెల్లో జరిగే మర్డర్ మిస్టరీల్లో ఇది తగులుతుంది, తెలియకపోతే అర్థంకాదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, సమూయేలు రెండో గ్రంథంలో 'ఎ కపుల్ ఆఫ్ కేక్స్' అని ఉంటుంది. హీబ్రూ మూలంలో అక్కడున్నది రెండు అనే మాటే. పునాది రెండే, సందేహం లేదు. కానీ 'ఏవో కొన్ని' అనే అర్థం కూడా ఎప్పట్నుంచో నడుస్తోంది, ఈనాటి నిఘంటువులన్నీ రెండు అర్థాలనీ ఇస్తున్నాయి. కాబట్టి మీ రచయిత భాష విషయంలో ఏ తప్పూ చెయ్యలేదు. కథ విషయంలో చేశాడా లేదా అన్నది డిటెక్టివ్ నవలలు నాకంటే ఎక్కువ చదివినవాళ్లు చెప్పాలి.

క్లూవేట

నా మాట చెబుతాను. ఇక్కడ చూడాల్సింది 'కపుల్' అంటే ఎంత అని కాదు, ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందీ అని.

పాఠకుడితో రచయిత నిజాయితీగా ఆడాలనే పట్టింపు డిటెక్టివ్ కథల్లో చాలా పాతది. అమెరికన్ డిటెక్టివ్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో ఇరవై నియమాలు రాశాడు, ఆ మరుసటి ఏడు ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ పది నియమాలు పెట్టాడు. వాన్ డైన్ రెండో నియమం సారాంశం ఏమిటంటే, డిటెక్టివ్‌ని నేరస్తుడు ఎంతవరకు ఏమార్చాడో అంతవరకే పాఠకుణ్ణి కూడా ఏమార్చాలి, రచయిత తన సొంతంగా ఇంకో మోసం కలపకూడదు. దీని ప్రకారం చూస్తే ఒక పాత్ర 'ఎ కపుల్ ఆఫ్ అవర్స్' అని నీళ్లు నమలడం పూర్తిగా న్యాయమే. ప్రథమ పురుషలో బయటినుంచి కథ చెప్పే గొంతు 'ఎ కపుల్ ఆఫ్ అవర్స్ గడిచాయి' అని రాసి, దాని మీద అలిబీ (నేరం జరిగినప్పుడు వేరేచోట ఉన్నాడనే రుజువు) కట్టి, తర్వాత అది మూడు గంటలని తేలిస్తే అది అన్యాయం.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ తాగుడు సీను. రాత్రిపూట కారు ఆపిన పోలీసు ఎంత తాగావని అడుగుతాడు, డ్రైవరు 'ఎ కపుల్ ఆఫ్ బీర్స్' అంటాడు. ఆ జవాబు ఎన్ని నవలల్లో వచ్చిందో చెప్పలేను. దాన్ని రెండు అని నమ్మే పోలీసు ఒక్క పుస్తకంలోనూ ఉండడు, నమ్మాలని రచయిత కూడా అనుకోడు. అసలు వెనక ఏ నామవాచకమూ లేకుండా 'హి హ్యాడ్ ఎ కపుల్' అంటే చాలు, మందు అనే అర్థం. ఆ మాట అక్కడ లెక్క చెప్పడానికి రాదు, లెక్క అడక్కు అని చెప్పడానికి వస్తుంది. డ్రైవరు 'రెండు' అని సూటిగా అంటే అది రుజువు చెయ్యగల అబద్ధం అవుతుంది. 'ఎ కపుల్' అంటే ఎవరూ పట్టుకోలేరు. మంచి క్రైమ్ రచయితలు ఈ తేడాని భలే వాడుకుంటారు, ఒకే విచారణలో ఒక సాక్షి అన్నీ గడియారం చూసి చెప్పినట్టు చెబుతూ ఒక్కచోట మాత్రం ఉన్నట్టుండి 'కపుల్' లోకి జారితే నేను అక్కడ పెన్సిల్ గీత పెడతాను.

ఇప్పుడు మీ నవల. మాట అన్నది సాక్షి, కాబట్టి మోసం అనలేను. కానీ ఆ మనిషి దాచడానికి ఏమీ లేదని చివర్లో తేలింది. మరి ఇన్‌స్పెక్టర్ 'సరిగ్గా ఎన్నింటికి?' అని ఎందుకు అడగలేదు? టైం మీద నడిచే కేసులో ఆ ప్రశ్న అడగని పోలీసు ఉండడు. అడిగితే సస్పెన్స్ పోతుందని రచయిత అడగనివ్వలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ, 'కపుల్' దగ్గర కాదు.

రెండుభాషలబల్ల

అనువాదాలు చేస్తుంటాను కాబట్టి ఈ మాటతో రోజూ పనే. ప్రూఫుచూసేవాణ్ణి గారు రెండు అర్థాలూ ఉన్నాయని వదిలేశారు గానీ, ఏది ఎప్పుడు అనేదానికి నా అనుభవంలో ఒక దారి ఉంది. కళ్లెదుట కనబడేవైతే దాదాపు ఎప్పుడూ రెండే. గుమ్మం దగ్గర నిలబడ్డ మనుషులు, బల్ల మీద గ్లాసులు, గోడకి పడ్డ తూటా రంధ్రాలు, ఇవి చూసేవాడికి లెక్క తెలిసిపోతుంది, ముగ్గురు కనబడుతుంటే ఎవరూ 'ఎ కపుల్ ఆఫ్ మెన్' అనరు. కొలిచేవైతే లెక్క వదులవుతుంది. గంటలు, మైళ్లు, డబ్బు, వారాలు. వాటికి అంచులు ఉండవు, రెండుంపావు గంటల్నీ రెండుముప్పావు గంటల్నీ ఎవరైనా 'ఎ కపుల్ ఆఫ్ అవర్స్' అనే అంటారు. ఒకే పుస్తకంలో మీకు వ్యాన్ దగ్గర రెండూ, సాక్షి దగ్గర మూడూ రావడానికి కారణం నాకైతే ఇదే అనిపిస్తోంది. రచయిత మాట మార్చలేదు, లెక్కపెట్టే వస్తువు మారింది.

గతం మీద చూపు పోయేకొద్దీ ఇంకా వదులవుతుంది. 'ఎ కపుల్ ఆఫ్ ఇయర్స్ ఎగో' అని ఒక పాత్ర అంటే దాన్ని రెండేళ్లు అని నేను ఎప్పుడూ రాయను, తర్వాతి అధ్యాయంలో తారీఖు వచ్చి నా కొంప ముంచుతుందేమోనని భయం. తెలుగులో మనకి 'ఓ రెండు' ఉంది కదా, ఆ 'ఓ' ఒక్కటి చాలు. 'ఓ రెండేళ్ల కిందట' అంటే మూడైనా ఎవరూ నిలదీయరు.

రాత్రిచదువరి

చాలా థాంక్స్ అండీ అందరికీ. కనబడేవీ కొలిచేవీ అన్న తేడా నేనెప్పుడూ ఆలోచించలేదు.

క్లూవేట గారూ, ఇన్‌స్పెక్టర్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను, కానీ మొదటి భాగంతో కాదు. సాక్షి నోట వచ్చింది కాబట్టి న్యాయమే అంటే ఎలా? అదే నవలలో డాక్టర్ మాట్లాడినప్పుడు ఎనిమిదిన్నర, తొమ్మిది అని హద్దులు రెండూ చెప్పించాడు రచయిత. హద్దులు ఎలా చెప్పాలో ఆయనకి తెలుసు. తెలిసీ ఇంకో పాత్రకి వదులు మాట ఇచ్చాడంటే అది కావాలని చేసిందే. నేను ఊహించుకుని మోసపోవాలనే.

సరే, ఇంకోటి అడుగుతాను. చదువుతున్నప్పుడు, అంటే చివరిదాకా వెళ్లకముందే, ఇక్కడ రెండేనని పేజీ మీదే తేల్చుకునే మార్గం ఏమైనా ఉందా?

మార్జిన్‌లో‌పెన్సిల్

ఉంది, చాలాసార్లు తర్వాతి వాక్యంలోనే ఉంటుంది. 'ది అదర్', 'అనదర్' ఈ రెండూ చూడండి.

'ఎ కపుల్ ఆఫ్ మెన్' వ్యాన్ దిగారు. ఆ వెంటనే ఒకడు తలుపు దగ్గర ఆగాడు, 'ది అదర్' ఇంటి వెనక్కి వెళ్లాడు అని ఉంటే కథ ముగిసింది, ఇద్దరే. 'ది అదర్' అనాలంటే మిగిలినవాడు ఒక్కడే అయ్యుండాలి. అదే ఒకడు తలుపు దగ్గర ఆగాడు, 'అనదర్' వెనక్కి వెళ్లాడు అని ఉంటే మూడోవాడికి తలుపు తెరిచే ఉంది, వ్యాన్‌లోనే కూర్చున్నాడేమో చూడాలి. 'ది అదర్స్' అని బహువచనం వస్తే ముగ్గురికి తక్కువ ఉండరు. రచయిత 'కపుల్' దగ్గర అజాగ్రత్తగా ఉన్నా ఈ మాటల దగ్గర అజాగ్రత్తగా ఉండటం కష్టం, ఇంగ్లిష్ వ్యాకరణమే అతని చెయ్యి పట్టుకుంటుంది. 'బోత్' వచ్చినా అంతే, లెక్క ఖరారు. 'ఆల్' వస్తే ఇద్దరు కాదు.

మీ వ్యాన్ సీనులో ఇద్దరే అని మీకు అంత ధీమాగా తెలిసిందంటే అక్కడ బహుశా 'ది అదర్' ఉండి ఉంటుంది, ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. గంటల విషయంలో ఈ చిట్కా పనిచెయ్యదు, గంటల్ని ఇదొకటి అదొకటి అని ఎవరూ విడదీసి చెప్పరు కదా. అందుకే మీ సాక్షి తప్పించుకున్నాడు.

ఇంకోటి, లెక్క ఖాయంగా చెప్పాలనుకున్న రచయితకి 'పెయిర్' అనే మాట ఉండనే ఉంది. 1891లో వచ్చిన హోమ్స్ కథ 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'లో వీధిలో బండి చప్పుడు వినగానే హోమ్స్ 'పెయిర్' అంటాడు, తర్వాతే కిటికీలోంచి చూస్తాడు. అక్కడ 'ఎ కపుల్ ఆఫ్ హార్సెస్' అనిపిస్తే సీను చచ్చిపోయేది. డెక్కల చప్పుడు విని గుర్రాలెన్నో చెప్పగలిగే మనిషి నోట్లో వదులు మాట ఇమడదు. ఆ బండిలో వచ్చిన బొహీమియా రాజుగారు గదిలోకి రాకముందే హోమ్స్ ఎలాంటివాడో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. మీ నవల ఈ-బుక్ అయితే 'కపుల్' అని వెతుకు పెట్టండి, వచ్చినవన్నీ వరసగా చూస్తే ఆ రచయిత ఎంత బిగువుగా వాడతాడో ఎవరినీ అడగక్కర్లేకుండానే తెలుస్తుంది. కథకుడు వాడినవి ఒకవైపు, పాత్రలు వాడినవి ఒకవైపు విడదీసి చూడండి. నేను కొత్త రచయితని మొదలుపెడితే తొలి మూడు నాలుగు అధ్యాయాల్లో ఈ పని చేస్తాను.

కక్ష్య

నేను సైన్స్ ఫిక్షన్ వైపు మనిషిని. మార్జిన్‌లో‌పెన్సిల్ గారు చెప్పిన హోమ్స్ సంగతి మా వైపు ఇంకా ఎక్కువ. అంతరిక్ష నౌకలో ఇంజనీరు, 'ఆక్సిజన్ ఇంకా ఎ కపుల్ ఆఫ్ అవర్స్ వస్తుంది' అంటే నాకు అక్కడే పుస్తకం మీద నమ్మకం పోతుంది. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషికి నూట ముప్పై నిమిషాలో నూట డెబ్బై నిమిషాలో తెలిసి ఉండాలి, అది చావుబతుకుల తేడా. సరదాగా మాట్లాడేటప్పుడు అదే మనిషి 'ఎ కపుల్ ఆఫ్ డేస్' అనొచ్చు, అప్పుడు మనిషిలా కనిపిస్తుంది. కానీ డ్యూటీలో కాదు. నర్సు మందు మోతాదు చెప్పేటప్పుడు, పైలట్ ఇంధనం చెప్పేటప్పుడు, కోర్టులో నిపుణుడు సాక్ష్యం చెప్పేటప్పుడు రచయిత ఈ మాట వాడాడంటే ఆ వృత్తిని దగ్గర్నుంచి చూడలేదని అర్థం. అందుకే మీ నవలలో డాక్టర్ హద్దులు చెప్పడం, పార్టీకొచ్చిన మనిషి 'కపుల్' అనడం నాకు కుట్రలా అనిపించడం లేదండీ. పార్టీలో ఎవడూ వాచీ చూసుకుంటూ కూర్చోడు. ఆ మాట అలాగే రావాలి. రచయిత చేసిన తప్పల్లా, క్లూవేట గారన్నట్టు, ఆ తర్వాతి ప్రశ్న అడిగించకపోవడం.

రాత్రిచదువరి

వెనక్కి తిప్పి చూశాను, వ్యాన్ దగ్గర 'ది అదర్' ఉంది! వెతుకు కూడా పెట్టాను. కథకుడి వాక్యాల్లో వచ్చినవన్నీ మనుషుల మీదా వస్తువుల మీదా, అన్నీ రెండే. కాలం మీద వచ్చినవి పాత్రల మాటల్లోనే. కక్ష్య గారి వాదన ఒప్పుకోక తప్పేలా లేదు, అయినా ఆ ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం క్షమించను.

చివరిగా ఒక్కటి. అదే వెతుకులో 'ఎ కపుల్ ఆఫ్ హండ్రెడ్', 'ఎ కపుల్ ఆఫ్ థౌజండ్' అనేవి కూడా వచ్చాయి. ఇవి రెండొందలు, రెండు వేలేనా? ఇంకోచోట 'ది కపుల్ వర్' అని ఉంది, అది 'వాజ్' కదా ఉండాల్సింది?

ప్రూఫుచూసేవాణ్ణి

అంకె పెద్దదయ్యేకొద్దీ వదులు పెరుగుతుంది. 'ఎ కపుల్ ఆఫ్ హండ్రెడ్' అంటే నూట ఎనభై నుంచి మూడొందల దాకా ఏదైనా కావచ్చు, మాట్లాడేవాడు లెక్కపెట్టలేదని మాత్రం ఖాయం. ఇక్కడ కూడా అమెరికన్లు 'ఆఫ్' తీసేస్తారు, బ్రిటిష్ పుస్తకంలో 'ఎ కపుల్ ఆఫ్ హండ్రెడ్' అనే ఉంటుంది. దోపిడీ నవలల్లో ముఠా మనుషులు డబ్బు గురించి ఇలా మాట్లాడుకుంటే పంపకాల దగ్గర గొడవ రాబోతోందని ముందే ఊహించుకోవచ్చు.

'ది కపుల్' అని దంపతుల గురించో జంట గురించో రాసినప్పుడు బ్రిటిష్ వాళ్లు 'వర్' వాడతారు, ఇద్దరు మనుషులు కదా అని. అమెరికన్ పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. ఇద్దరూ చేసిన పని చెబుతుంటే బహువచనం, జంటని ఒక్క యూనిట్‌గా చూస్తుంటే ఏకవచనం అని ఏపీ స్టైల్‌బుక్ చెబుతుంది. 'ఎ కపుల్ ఆఫ్ మెన్' తర్వాత అయితే ఎక్కడైనా 'వర్' మాత్రమే. మీ పుస్తకంలో 'ఆఫ్' ఎక్కడా ఎగరలేదు, 'వర్' కూడా ఉంది కాబట్టి మీ దగ్గరున్నది బ్రిటిష్ ఎడిషన్ అయ్యుండొచ్చు. కొన్ని నవలల్ని అట్లాంటిక్ అవతలికి పంపేటప్పుడు ఇలాంటివన్నీ అక్కడి వాడుకకి సరిచేస్తారు, కాబట్టి ఈ మాటల మీద వాదించుకునేటప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే ఎడిషన్ ఉందో లేదో ముందు చూసుకోండి.